ఫ్లెక్సీలో పన్నెండో మొహం

తాడేపల్లిగూడెంలో గానీ ఆ చుట్టుపక్కల గానీ ఈ ఇరవై ఏళ్ళలో మీరు ఏ నాయకుడి మొహం ఫ్లెక్సీ మీద చూసి ఉన్నా, మీకంటే ముందు ఆ మొహాన్ని చిట్టిబాబు చూసి ఉంటాడు. చూడడమేమిటి, చెవి పట్టుకుని లాగి, ముక్కు దగ్గర ముడత సరిచేసి, నాలుగు మూలలా బైండింగ్ వైరుతో బిగించి మరీ నిలబెట్టి ఉంటాడు. ప్రభుత్వాలు మారాయి, మంత్రులు మారారు, ఈ పార్టీలోంచి ఆ పార్టీలోకి గెంతేవాళ్ళు గెంతారు. కట్టేవాడు మాత్రం మారలేదు. పొద్దున్న ఒకాయన పుట్టినరోజు, సాయంత్రం ఆయనంటే పడనివాడి ఊరేగింపు. రెండింటికీ అదే నిచ్చెన, అవే సరుగుడు కర్రలు.

ఈ పని అతనికి తండ్రి నుంచి వచ్చింది. తండ్రి సినిమా పోస్టర్లు అంటించేవాడు. ఒక చేతిలో ఉడికించిన మైదా బాల్చీ, చంకలో పోస్టర్ల చుట్ట, సైకిలు మీద గూడెం గోడలన్నీ చుట్టేవాడు. గోడల కాలం పోయి ఫ్లెక్సీల కాలం వచ్చాక చిట్టిబాబు బాల్చీ వదిలి నిచ్చెన పట్టాడు. కానీ తండ్రి పెట్టిన పద్ధతి వదల్లేదు. నేల మీద పరిచిన బొమ్మ మీద కాలు పెట్టడు, ఎంత తొందరున్నా చుట్టూ తిరిగి వెళ్తాడు. గాలికి చిరక్కుండా ఫ్లెక్సీకి అక్కడక్కడా కోతలు పెట్టాలి కదా, ఆ కోత ఎవరి కంటి మీదా నోటి మీదా పడనివ్వడు. పైపెచ్చు వాళ్ళతో మాట్లాడతాడు కూడా. "కాస్త ఓర్చుకోండి బాబుగారూ, ఈ మూల బిగించేస్తే అయిపోద్ది" అంటాడు. కింద నిలబడి కర్ర పట్టుకున్నవాళ్ళు నవ్వుతారు. నవ్వనీ. మనిషి నోట్లో నాలుక లేనివాడు, ఆ మాత్రం మాటలు కూడా బొమ్మలతో కాకపోతే ఇంకెవరితో ఆడతాడు?

"ఊళ్ళో అందరి మొహాలూ కడతారు, మన గోడకి మీ ఫొటో ఒక్కటి లేదు" అనేది అతని భార్య సుగుణ. ఆవిడ బడిలో పిల్లలకి మధ్యాహ్న భోజనం వండుతుంది. వాళ్ళ పెళ్ళి ఫొటోలు ఒక వానాకాలం ఇల్లు కురిసినప్పుడు నానిపోయాయి. ఆ తర్వాత చిట్టిబాబుకి కెమెరా ముందు నిలబడే అవసరం రాలేదు. మొన్నటికి మొన్న పాలిటెక్నిక్ చదివే కూతురు మనస్వికి స్కాలర్‌షిప్ ఫారం మీద తండ్రి ఫొటో అడిగితే తప్పలేదు. తెల్లచొక్కా వేసుకుని, మెడ దాకా బొత్తాలు పెట్టుకుని గాయత్రి కొట్టుకి వెళ్ళాడు.

గాయత్రిది స్టేషన్ రోడ్డులో ఫ్లెక్సీ ప్రింటింగు కొట్టు. తండ్రి పౌరోహిత్యం చేస్తారు. ఆయన ముహూర్తం చూడడంలో ఎంత పట్టుదలో, ఈ అమ్మాయికి మొహం కొలతల్లో అంత పట్టుదల. ఫ్లెక్సీ అంటే మాటలు కాదు మరి, అదొక కొలువు. పైన పెద్దల మొహాలు, నడిమధ్య నిలువెత్తున మంత్రిగారు, ఆయన కాళ్ళ దగ్గర గుండ్రాల్లో స్థానిక నాయకులు. ఒక గుండ్రం పక్కదానికంటే వెంట్రుకవాసి చిన్నదైనా ఫోను మోగుతుంది. ఆ గుండ్రాల కింద పేర్లు వేసే అలవాటు ఎప్పుడో మానేశారు. మొహాల కొలతలకే తగువులు తీరడం లేదు, ఇంక అక్షరాల కొలతలు కూడానా అని గాయత్రే ఆపేసింది.

చిట్టిబాబుని నిలబెట్టి ఫొటో తీసి, కళ్ళ కింద నలుపు తుడిచి, నుదుటి మీద ఎండకి కమిలిన చోట కాస్త తెలుపు అద్దింది. కంప్యూటర్లో చూసుకుని చిట్టిబాబు సిగ్గుపడిపోయాడు.

"నేనేనా అమ్మా ఇది?"

"మీరే చిట్టిబాబు గారూ. రోజూ గెడ్డం గీసుకుంటే ఇలాగే ఉంటారు."

అక్కడితో ఆ ఫొటో ఫారం మీదకి వెళ్ళిపోతే ఈ కథ లేదు. కానీ ఆ మరునాడే మార్కెట్ యార్డుకి మంత్రిగారు వస్తున్నారు. ఊళ్ళో పార్టీకి రెండు వర్గాలు. ఒకదానికి పెద్ద కనకరత్నం, నలభై ఏళ్ళుగా కండువా దించని మనిషి. రెండోదానికి హేమంత్‌కుమార్, కండువా కంటే కళ్ళజోడు ఎక్కువ మార్చే కుర్రనాయకుడు. ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. మంత్రిగారికి ఎడమవైపు కనకరత్నం పంపిన ఆరు మొహాలు, కుడివైపు హేమంత్‌కుమార్ పంపిన ఐదు. ఆరో ఫొటో కాసేపట్లో పంపుతానన్నాడు. వరస కుదరడానికి ఆ ఖాళీలో ఏదో ఒక మొహం పెట్టి చూసుకుందామని గాయత్రి ఎదురుగా కనిపించిన తెల్లచొక్కా ఫొటో తీసి గుండ్రంలో పెట్టింది. సరిగ్గా సరిపోయింది. ఆరో ఫొటో రాలేదు. మిషను దగ్గర జనం, ఫోను మీద ఫోను. ఆ హడావిడిలో అదే బొమ్మ ఇద్దరికీ వాట్సాప్‌లో పంపింది.

కనకరత్నం చూశారు. పన్నెండోవాడు హేమంత్ మనిషి అయి ఉంటాడు, మనకెందుకులే అనుకున్నారు. హేమంత్‌కుమార్ చూశాడు. ఈ ఆరోవాణ్ణి నేను పంపలేదే, పైనుంచి ఎవరో పెట్టించినట్టున్నారు, మనం కదిపితే మనకే ముప్పు అనుకున్నాడు. ఇద్దరూ ఓకే అన్నారు. మిషను గిర్రున తిరిగింది.

మర్నాడు మార్కెట్ యార్డు గేటు దగ్గర చిట్టిబాబు నిచ్చెన మీద కింది అంచు బిగిస్తున్నాడు. ఒక్కో గుండ్రం దాటుకుంటూ కుడిచివరకి వచ్చేసరికి తనకి తనే ఎదురుపడ్డాడు. నిచ్చెన మీంచే గాయత్రికి ఫోను చేశాడు.

"గాయత్రమ్మా, ఇందులో నేనున్నానమ్మా."

"ఎందులో అండీ?"

"మంత్రిగారి ఫ్లెక్సీలో. హేమంత్ బాబుగారి మావయ్యగారి పక్కన."

 అవతల "అయ్యో రామ" అని మాత్రం వినిపించింది.

"విప్పెయ్యమంటారా?"

"వద్దండీ! కాన్వాయ్ పెంటపాడు దాటిందట. ఇప్పుడు విప్పితే ఇద్దరూ కలిసి నన్ను నమిలేస్తారు. ఉండనివ్వండి. ఎవరు చూస్తారు?"

ఎవరు చూస్తారు అంటే, టీవీ ఉన్న ప్రతివాడూ చూశాడు. మంత్రిగారు మైకు ముందు నిలబడి పావుగంట మాట్లాడితే, ఆ పావుగంటా ఆయన మోచేతి కింద తెల్లచొక్కా చిట్టిబాబు బుద్ధిగా కూర్చుని ఉన్నాడు. సుగుణ గరిటె చేతిలో ఉండగానే పరుగున వచ్చింది. "ఏవండీ, ఇది మీరే!" మనస్వి నవ్వాపుకోలేక మంచం మీద దొర్లింది. చిట్టిబాబు మాత్రం చెమటలు తుడుచుకుంటూ, టీవీ కట్టెయ్యమని బతిమాలాడు.

గాయత్రి తెలివితక్కువది కాదు. తర్వాతి ఫ్లెక్సీలో అతన్ని తీసేసింది. అరగంటలో కనకరత్నం నుంచి ఫోను.

"అమ్మాయ్, ఆ తెల్లచొక్కా ఆయన్ని తీసేశావేంటి? ఎవరు తియ్యమన్నారు?"

"ఎవరూ అనలేదండీ."

"ఎవరూ అనకుండా తీసేస్తే ఎలాగమ్మా? రేపు ఆ పాపం నా నెత్తిన పడుతుంది. పెట్టెయ్, పెట్టెయ్."

పెట్టేసింది. ఆ పై వారం హేమంత్‌కుమార్ స్వయంగా కొట్టుకొచ్చి, "ఆ చివరి అన్న గుండ్రం రవ్వంత పెద్దది చెయ్యండి మేడమ్, మనం అవమానించినట్టు ఉండకూడదు" అన్నాడు. అలా చిట్టిబాబు నెల తిరక్కుండా వేలెడు పెరిగాడు. పుట్టినరోజుల్లో ఉన్నాడు, శంకుస్థాపనల్లో ఉన్నాడు. చిత్రమేమిటంటే ఇన్ని మొహాల్లో అతని మొహాన్ని ఇంట్లోవాళ్ళు తప్ప గుర్తుపట్టినవాడు గూడెంలో ఒక్కడూ లేడు. నెత్తికి తువ్వాలు చుట్టి, రెండు రోజుల గెడ్డంతో, లుంగీ పైకి కట్టి నిచ్చెన మీద ఉండేవాణ్ణి ఎవరు చూస్తారు? జనానికి కనిపించేది అతని వీపు. అయినా పాపం ఎవరైనా తలెత్తి ఫ్లెక్సీ వంక చూస్తే చాలు, గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకునేవాడు.

ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర వచ్చింది. భక్తులకు స్వాగతం చెప్పే ఫ్లెక్సీలు పట్టుకుని చిట్టిబాబు ట్రాలీ ఆటోలో ఆకివీడు మీదుగా వెళ్ళాడు. దారి పొడుగునా చేపల చెరువులు, వాటి గట్ల మీద మేత బస్తాలు, ఎదురుగా ఐసు పెట్టెల లారీలు. కోటకి ఇవతల ఒక చిన్న లంక దగ్గర కర్రలు పాతి ఫ్లెక్సీ ఎత్తుతుంటే కింద నుంచి ఎవరో పిలిచారు.

"బాబుగారూ! ఈ ఫొటోలో ఉన్నది మీరే కదండీ?"

ఇరవై ఏళ్ళలో నిచ్చెన మీద ఉండగా అతన్ని "బాబుగారూ" అన్నవాళ్ళు లేరు. కిందకి చూశాడు. డెబ్భై దాటిన ముసలావిడ, చంకలో ఖాళీ బిందె. పేరు సూరమ్మ. ఆవిడ ఒకసారి గుండ్రం వంకా ఒకసారి అతని వంకా చూసింది. చేపల సంతలో యాభై ఏళ్ళు చేపని చూసి బేరమాడిన కళ్ళు అవి. తెల్లచొక్కా లేకపోతే మోసపోతాయా?

"నేనేనండి, కానీ..." అన్నాడు చిట్టిబాబు.

"ఎంత మంచివారండీ! నాయకులై ఉండీ మీ ఫ్లెక్సీ మీరే కట్టుకుంటున్నారా? మేమెప్పుడూ చూడలేదండీ ఇలాంటిది."

కిందకి దిగి నిజం చెప్పేద్దామనే దిగాడు. కానీ సూరమ్మ అప్పటికే చెప్పడం మొదలుపెట్టింది. వాళ్ళ లంకకి మంచినీళ్ళ ట్యాంకరు వస్తుంది, వచ్చి మెయిన్ రోడ్డు మీద కల్వర్టు దగ్గరే ఆగిపోతుంది. లోపలికి సిమెంటు రోడ్డు ఉంది, ట్యాంకరు పట్టేంత వెడల్పూ ఉంది. డ్రైవరు రాడు, వెనక్కి తిప్పుకోవడం కష్టం అంటాడు. ఆడవాళ్ళందరూ మైలున్నర నడిచి బిందెలు మోసుకోవాలి. చుట్టూ కొల్లేరు నిండా నీళ్ళు, నోట్లో పోసుకోవడానికి పనికిరావు. నిరుడు ఎండల్లో ఒక బాలింత గట్టు మీద కళ్ళు తిరిగి పడిపోయింది.

"టీవీలోకి వచ్చేవాళ్ళకి చెబుదామంటే మా దగ్గర ఎవరు ఆగుతారండీ? మీరైతే దొరికారు. ఒక్క మాట వెయ్యండి బాబుగారూ."

ఆవిడ కొంగు ముడి విప్పి నాలుగు ఎండు మెత్తళ్ళ చేపలు కాగితంలో చుట్టి అతని చేతిలో పెట్టింది. ఇంక నోరు పెగుల్తుందా? "చెబుతానమ్మా" అని తన ఫోను నంబరు ఇచ్చాడు. మనిషిని ముంచడానికి అబద్ధాలే అక్కర్లేదు, సమయానికి రాని నిజం చాలు.

ఇంటికొచ్చి రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. సుగుణ అడిగి అడిగి అసలు సంగతి రాబట్టింది.

"నాయకుణ్ణి కాదని చెప్పేయాల్సింది కదండీ."

"చెబితే ఆవిడ ఇంకెవరికి చెప్పుకుంటుంది? ఇంతకాలానికి ఒకడు దొరికాడని సంబరపడింది."

"అయితే ఎవరికి చెబుతారు మీరు?"

ఆలోచించి కనకరత్నం ఇంటికి వెళ్ళాడు. వీధి అరుగు దగ్గర గంట నిలబడితే ఆయన బయటికొచ్చారు. లంకలో ట్యాంకరు సంగతి మొదలుపెట్టగానే, "ఫ్లెక్సీ బిల్లు సంగతేమో అనుకున్నానురా. కట్టుకునేవాడివి కట్టుకోక ట్యాంకర్ల గొడవ నీకెందుకు?" అని కారెక్కి వెళ్ళిపోయారు. గోడకి ఆనించిన కొత్త ఫ్లెక్సీలో ఆయన గుండ్రం ఒక చివర ఉంది, చిట్టిబాబు గుండ్రం ఇంకో చివర ఉంది. ఫ్లెక్సీలో ఉన్నవాడిది పెద్దరికం, దాన్ని మోసేవాడిది అధికప్రసంగం. చిట్టిబాబుకి కోపం రావాలి, కానీ అతనికి కోపం అంత తొందరగా రాదు. మనకే వస్తుంది.

మర్నాడు గెడ్డం గీయించుకుని, తెల్లచొక్కా వేసుకుని, మెడ దాకా బొత్తాలు పెట్టుకుని నీళ్ళ ట్యాంకర్లు చూసే ఆఫీసుకి వెళ్ళాడు. లోపలి అధికారి తలెత్తి, కుర్చీలోంచి సగం లేచాడు.

"రండి సార్, కూర్చోండి. మిమ్మల్ని ఎక్కడో చూశానండీ..."

"చూసే ఉంటారండి" అన్నాడు చిట్టిబాబు. అది అబద్ధం కాదు. లంక పేరు చెప్పాడు, కల్వర్టు సంగతి చెప్పాడు, బాలింత సంగతి చెప్పాడు. తనెవరో అతను చెప్పలేదు, ఆయన అడగలేదు. టీ తెప్పించారు. మర్నాటి నుంచి ట్యాంకరు లోపలికి వెళ్ళింది. సూరమ్మ ఫోను చేసి, "మీ కడుపు చల్లగా ఉండాలి బాబుగారూ" అంటే చిట్టిబాబుకి ఆనందంతో పాటు గుండెలో ముల్లు కూడా దిగింది.

ఆ ముచ్చట పదకొండు రోజులు. పన్నెండో రోజు నుంచి ట్యాంకరు మళ్ళీ కల్వర్టు దగ్గరే ఆగింది. ఆ అధికారి సెలవు మీద వెళ్ళాడు, ఆయన కుర్చీలో కూర్చున్నాయన ఫ్లెక్సీలు చూసే రకం కాదు. చైత్రం వెళ్ళి ఎండలు ముదిరాయి. సూరమ్మ రెండు రోజులకోసారి ఫోను చేసేది. నిష్ఠూరం ఉండేది కాదు. "మళ్ళీ రావట్లేదండీ. మీ చెవిన వేద్దామని" అనేది, అంతే. ఆ మాట వినలేక ఒకరోజు చిట్టిబాబు ఫోను మోగుతున్నా తియ్యలేదు. అలా తియ్యనందుకు రాత్రంతా తనని తాను తిట్టుకున్నాడు.

సరిగ్గా అప్పుడే మంత్రిగారు ఆ లంకకే వస్తున్నారని తెలిసింది. కొల్లేరు పక్షుల్ని చూడ్డానికొచ్చే వాళ్ళ కోసం కట్టిన వాచ్‌టవర్ ప్రారంభం. పక్షులకి ఏ లోటూ లేదు, వాటికి కొల్లేటి నీళ్ళే పడతాయి. చిట్టిబాబు పొద్దున్నే వెళ్ళి కర్రలు పాతాడు. ఈసారి పెద్ద ఫ్లెక్సీ, అతని గుండ్రం పళ్ళెమంత ఉంది. పని ఆలస్యమై మంత్రిగారు వచ్చేసరికి పై మూల ఇంకా కట్టాల్సి ఉంది. నిచ్చెన మీదే ఉండిపోయాడు.

టవరుకి రిబ్బను కత్తిరించాక టీవీ వాళ్ళు మైకులు పెట్టారు. వాళ్ళలో ఏలూరు నుంచి వచ్చిన శ్రావ్య అనే విలేకరి పిల్ల ఉంది. ఫోనులో ఒక ఫొటో చూపించింది.

"సార్, మూడు నెలలుగా మీ ప్రతి ఫ్లెక్సీలో ఈయన ఉన్నారు. జిల్లాలో ఎవర్ని అడిగినా పేరు చెప్పలేకపోతున్నారు. ఎవరు సార్ ఈయన?"

మంత్రిగారు ఫొటో చూసి కనకరత్నం వంక చూశారు. కనకరత్నం హేమంత్‌కుమార్ వంక చూశారు. హేమంత్‌కుమార్ ఆకాశంలో పక్షుల్ని చూశాడు. కానీ ముప్ఫై ఏళ్ళ రాజకీయం ఊరికే పోతుందా? మంత్రిగారు చిరునవ్వు చెదరనివ్వకుండా అన్నారు.

"ఆయనా? మా పార్టీకి పాతకాపమ్మా. ఎప్పుడూ తెర వెనకాలే ఉండి పనిచేసే మనిషి. ప్రచారం అంటే గిట్టదు."

ఆయన చూడకుండా వేసిన బాణం గానీ, పార్టీ సంగతి పక్కన పెడితే అందులో తప్పేమీ లేదు.

"అదుగోనండీ, పైనున్నారు!" అని గుంపులోంచి సూరమ్మ గొంతు వినిపించింది. "తన ఫ్లెక్సీ తనే కట్టుకునే మారాజు! మా ట్యాంకరు పంపించింది ఆయనేనండీ!"

కెమెరాలన్నీ ఒక్కసారి పైకి తిరిగాయి. చిట్టిబాబు తువ్వాలు జారిపోయింది. దిగక తప్పదు. ఆ నిచ్చెనకి పన్నెండు మెట్లు. దిగుతూ అతను ఆలోచించినంత జన్మలో ఆలోచించలేదు. అవునంటే సరి, అనకపోయినా సరే, నోరు మూసుకుని నమస్కారం పెడితే చాలు. మంత్రిగారి మాట నిలుస్తుంది, గాయత్రి కొట్టు నిలుస్తుంది, పెద్దమనిషిగా ఇంకో ఆఫీసుకి వెళ్ళి ట్యాంకరు అడగొచ్చు. కాదంటే? మంత్రిగారు నలుగురిలో పలచనవుతారు, ఆ కోపం ఎక్కడ తేలుతుందో తెలియదు. ట్యాంకరు మాట ఇంక ఎవడూ వినడు. అన్నిటికంటే ముందు సూరమ్మ. రెండు చేతులూ జోడించి, మొహం వెలిగిపోతూ, తననే చూస్తోంది. ఆ చూపు కింద అబద్ధంగా నిలబడడం అతని వల్ల కాలేదు.

మైకు మూతి దగ్గరకొచ్చింది. ఇరవై ఏళ్ళుగా మైకు ముందు నిలబడేవాళ్ళ వెనక ఉన్నాడు గానీ, దాని ముందు నిలబడడం ఇదే మొదలు.

"నేను నాయకుణ్ణి కాదండి. ఫ్లెక్సీలు కడతానండి. నా ఫొటో పొరపాటున పడిందండి. ఫొటో ఇచ్చింది నేనే, ముందే చెప్పుకోలేకపోయింది నేనే, తప్పు నాదేనండి. వేరే ఎవర్నీ ఏమీ అనకండి." మంత్రిగారి వైపు తిరిగాడు. "సూరమ్మగారు నన్ను పెద్దమనిషిననుకున్నారు. కాదు. కానీ ఆవిడ చెప్పిన ట్యాంకరు సంగతి నిజమండి. కల్వర్టు దగ్గరే ఆగిపోతోంది. అదొక్కటీ చూడండి బాబుగారూ."

 కనకరత్నం కండువాతో మొహం తుడుచుకున్నారు. మంత్రిగారు పకపకా నవ్వి, చిట్టిబాబు భుజం మీద చెయ్యి వేశారు.

"చూశారా? తెర వెనక మనిషని నేను ముందే చెప్పానా లేదా!"

ఆయన గొప్పతనం ఆయనది, కాదనకూడదు. అంతమంది కెమెరాల ముందు ఇంక చేసేదేముంది, అక్కడికక్కడే ఆఫీసుకి ఫోను చేయించారు. ట్యాంకరు మర్నాడే లంక లోపలికి వచ్చింది, ఇప్పటికీ వస్తోంది. గాయత్రిని ఎవరూ ఏమీ అనలేదు. అనాలంటే ముందు ఆ ఫ్లెక్సీకి ఓకే చెప్పిన ఇద్దరూ బయటపడాలి. ఇవన్నీ తర్వాతి సంగతులు. ఆ మధ్యాహ్నం చిట్టిబాబుకి ఇవేవీ తెలియవు.

అతనికి తెలిసిందల్లా ఒకటే. మైకు ముందు నుంచి తల తిప్పి చూసేసరికి సూరమ్మ అక్కడ లేదు. జనంలోంచి తప్పుకుని, కొంగు నెత్తి మీదకి లాక్కుని, లంక లోపలికి నడిచి వెళ్ళిపోతోంది. పిలుద్దామనుకున్నాడు. ఏమని పిలుస్తాడు?

కార్లు దుమ్ము లేపుకుంటూ వెళ్ళాయి. టీవీ వాళ్ళు మాట్లాడించాల్సినంత మాట్లాడించి వాళ్ళూ వెళ్ళారు. చిట్టిబాబు మళ్ళీ నిచ్చెన ఎక్కాడు. మంత్రిగారు వెళ్ళిపోయాక ఆ మూల కట్టి ప్రయోజనం లేదని అతనికీ తెలుసు. చేతులకి ఏదో పని కావాలి. వైరు తిప్పితే జారింది, మళ్ళీ తిప్పితే మళ్ళీ జారింది. కళ్ళు మసకబారితే ముడి ఎక్కడ పడుతుంది? పెద్దావిడని మోసం చేశాను, ఫోను కూడా తియ్యలేదు, ఇంక ఈ లంకకి ఏ మొహం పెట్టుకుని వస్తాను అనుకున్నాడు.

"దిగు నాయనా. నెత్తిన గుడ్డయినా లేకుండా ఎండలో ఏంటా పని?"

కింద సూరమ్మ. చేతిలో కంచు చెంబు, దాని మీద మూతగా చిన్న గిన్నె.

దిగాడు. తల ఎత్తలేక, "క్షమించండమ్మా, ఆ రోజే చెప్పాల్సింది" అన్నాడు.

"నాయకుణ్ణని నువ్వు నాతో అన్నావా? నేననుకున్నాను. ఇంకానయం, నాయకుడివైతే నాకు దొరికేవాడివి కాదు." ఆవిడ గిన్నె తీసి చెంబు ముందుకి చాచింది. "వాళ్ళ నీళ్ళు వాళ్ళు సీసాల్లో తెచ్చుకుంటారు. పొద్దున్నుంచీ నిచ్చెన మీదున్నావు, నీకెవరిచ్చారు? ఇంటికెళ్ళి తెచ్చేసరికి ఆలస్యమైంది. తాగు."

ఆ నీళ్ళు ఆ ఉదయం కల్వర్టు దగ్గర్నుంచి మైలున్నర ఆవిడ నడుము మీద వచ్చినవని చిట్టిబాబుకి తెలుసు. చెంబు రెండు చేతులా పట్టుకుని, ఒక్క చుక్క కింద పడకుండా తాగాడు.